దండెం మీది ముట్టుగుడ్డలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న మన మెట్‌పల్లి మగ్గాల వాడకు సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చింది. నా బిడ్డ కింద మంట, దురద అని ఏడుస్తుంటే చూపించాను.

"ఆడ సబ్బు, చౌడు పెట్టి రుద్దకు బిడ్డా. ఉత్త నీళ్లతోని పైపైన కడిగి, మెత్తటి బట్టతోని అద్దుకో. ముట్టుగుడ్డలు ఎండల ఆరెయ్యి. అయినా తగ్గకుంటే దవాఖానకు రా" అన్నది.

ఇంత చిన్న మాట తెలియకనా నువ్వు పదేళ్లు గోక్కున్నది? "మురికి పోలే, ఇంకా రుద్దు" అంటూ మనిద్దరినీ కోడళ్లుగా తెచ్చుకున్న అత్త నీతో బట్టలుతికే చౌడు రాయించేది. చర్మం లేచి నువ్వు నడవలేకపోతే నిన్నే తిట్టేది. రంగు నూలు వీధి పొడుగునా ఆరేసే ఇంట్లో, మన గుడ్డలు మాత్రం కట్టెల కింద తడితడిగా ముక్కిపోయేవి.

పొద్దున నా బిడ్డ గుడ్డలను ఆ నూలు పక్కనే, దండెం మీద ఆరేశాను.

"మొగోళ్లు చూస్తరే! ఇజ్జత్ పోతది!" అని అరిచింది అత్త.

"చూడనియ్యి. మా అక్క సచ్చేదాంక గోక్కున్నప్పుడు గీ ఇజ్జత్ ఏడవోయింది?" అన్నాను.

ఆమె విసురుగా లోపలికి పోయింది. నా కోపం మాత్రం చల్లారలేదు. చౌడు తడిపి, తడిక చాటున నీ చేతికి అందించింది నేనే కదక్కా.

నీ చెల్లె