పురుగుల ఇల్లు అంజనమ్మకే

చింతామణి తాలూకా కైవార హోబళిలో కాపురమున్న, కీర్తిశేషులు వెంకటరమణప్పగారి భార్య మునివెంకటమ్మ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో చెప్పి రాయించిన మరణశాసనం ఇది. తెలివి సంగతి మొదటే తేల్చాలి. నేను పోయిన మర్నాడే మా మరిది పిళ్ళప్ప కోర్టులో నిలబడి, "మా వదినకు యెనకటి నుంచీ బుద్ధి సరిగా లేదు సామీ" అంటాడు. చిక్కబళ్ళాపురం మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ నన్ను చూసి, బుద్ధి సరిగానే ఉన్నదని రాసి ఇచ్చింది. పిళ్ళప్ప కూడా అలాంటి కాగితం ఒకటి తెచ్చుకోగలిగితే నాకు సంతోషమే.

1. నా సొత్తు: మా నాయన నా పేరిట కొని రిజిస్టరు చేయించిన రేష్మె తోట, అంటే పట్టుపురుగులకు ఆకు కోసే మల్బరీ తోట, అందులోని బావి, పట్టుపురుగులను మేపే ఇల్లు. ఇవి అత్తింటివి కావు. నేను ఏసుప్రభువును నమ్ముకున్న రోజున, కులంతోపాటు తోట కూడా పోయిందని సంబరపడ్డ దాయాదులకు ఈ సంగతి మరోసారి తెలియజేస్తున్నాను.

2. మరిది పిళ్ళప్పకు ఒక ఇనుప మేకు. దాని చరిత్ర అతనికి తెలుసు, చదివేవారి కోసం చెబుతాను. వయసులో ఉన్నప్పుడు నాకు దిగులు పట్టింది. ఎందుకని అడగవద్దు, నాకే తెలియదు. గాదె నిండా రాగులు, తిట్టని మొగుడు, పాకుతున్న కొడుకు. అయినా తెల్లారితే గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. తల దువ్వుకోవడం కూడా కొండ ఎక్కినంత పని అయ్యేది. పిళ్ళప్పకు మాత్రం కారణం వెంటనే తెలిసిపోయింది. గాలి సోకిందట! బండి కట్టించి, గుడిబండె దారిలో ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయి, వేపమండలతో కొట్టించి, నా జుట్టును చింతచెట్టుకు మేకుతో కొట్టించి కత్తిరింపించాడు. దయ్యం చెట్టు దగ్గరే ఉండిపోయిందని చెప్పారు. దిగులు మాత్రం నాతోపాటు బండెక్కి ఇంటికి వచ్చింది. తరువాత ఒకసారి నేనే పోయి ఆ మేకు పెరికి తెచ్చుకున్నాను. పిళ్ళప్ప దాన్ని గోడకు కొట్టుకుని తలపాగా తగిలించుకోవచ్చు.

3. మా అత్తగారు బతికి లేరు కాబట్టి ఆమెకు ఇచ్చేదేమీ లేదు, చెప్పేది ఉన్నది. మా వైపు పురుగుల ఇంట్లోకి మైల మనిషిని రానివ్వరు. దిగులు మనిషిని కూడా రానివ్వకూడదని ఆమె కొత్తగా కనిపెట్టింది. నా నీడ పడితే పురుగులు గూడు కట్టవని, నా ఇంటికే తాళం వేసి చెవి బొడ్డున దోపుకుంది. చేతికి పనైనా ఉంటే కాస్త ఊపిరాడేది. ఆ ఏడు నేను గడప తొక్కకుండానే పురుగులన్నీ జబ్బుపడి చచ్చాయి. అదీ నా వల్లేనట, బయటి నుంచి చూశానట! ఆహా, ఏం చూపమ్మా నాది.

4. మిషన్ తరఫున ఊరూరా తిరిగే రూతమ్మకు నా ఎర్రంచు పట్టుచీర. వద్దంటుంది, వినవద్దు. ఆమె మా ఇంటికి వచ్చి, లేచి తల దువ్వుకోమని అనలేదు. తనూ నా పక్కనే గోడవైపు తిరిగి కూర్చుంది. "ఏసయ్య కూడా స్నేహితుని సమాధి కాడ ఏడ్చినాడమ్మా" అంది. దేవుడు ఏడుస్తాడని అంతవరకు నాతో ఎవరూ అనలేదు. తరువాత ఒక పాట అందుకుంది. ఎంత ఘోరంగా పాడిందంటే, అటకమీది పిల్లి దూకి పారిపోయింది. నాకు నవ్వు వచ్చింది. ఏళ్ళ తరబడి రాని నవ్వు వచ్చేసరికి ఏడుపు కూడా ఆగలేదు. ఆ సంతోషం ఇచ్చిన ప్రభువును ఈనాటికీ వదలలేదు, ఆయనా నన్ను వదలలేదు.

5. మా సంఘపెద్ద దేవసహాయంగారికి, అంటే సంఘానికి, ఆనుకునే వీలున్న ఒక బల్ల. ఆయన ప్రసంగంలో నిద్రపోయేవారు కింద పడకుండా ఉంటారు. విశ్వాసముంటే దిగులుండదని ఆయన ప్రతి ఆదివారం చెబుతారు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా నా దిగులు చుట్టపుచూపుగా వచ్చిపోతూనే ఉంది. తేడా ఒక్కటే, ఇప్పుడు ఆ చీకట్లో నేను ఒంటరిగా లేను. ఇది ఆయనకు అర్థం కాదు. తోటను ప్రభువుకు రాయమని మాత్రం చాలాసార్లు చెప్పారు. ప్రభువు నన్ను ఎన్నడూ తోట అడగలేదు.

6. ఇక అసలు సంగతి. నా కొడుకు మునినారాయణ భార్య అంజనమ్మ, కడుపు పోయినప్పటి నుంచి నేను ఒకప్పుడు కూర్చున్నట్టే కూర్చుంటున్నది. వచ్చే అమావాస్యకు ఆమెను కూడా ఆ చెట్టు దగ్గరికే తీసుకుపోవాలని, కుదరకపోతే పుట్టింటికి తోలేసి మునినారాయణకు మరో పెళ్ళి చేయాలని పిళ్ళప్ప మంతనాలు చేస్తున్నాడు. నా కొడుకు తల ఊపుతున్నాడు. తల ఉన్నది అందుకే అనుకున్నాడు కాబోలు. కాబట్టి తోట, బావి, పురుగుల ఇల్లు మొత్తం అంజనమ్మకే, అమ్ముకునే హక్కుతో సహా. మునినారాయణ ఆమె ఉండనిస్తే అక్కడ ఉండవచ్చు. ఆమె నా దేవుణ్ణి నమ్ముకోవాలనే షరతు లేదు. నేనూ రూతమ్మా ఆమె పక్కన కూర్చుంటాం, అంతే. ఈ శాసనాన్ని అమలు జరపవలసినవారు బడి మేష్ట్రు మునికృష్ణప్పగారు.

7. నేను చచ్చేదాకా ఆగితే అమావాస్య ఆగదు. అందుచేత పురుగుల ఇంటి తాళంచెవి ఈ ఉదయమే అంజనమ్మ చేతిలో పెట్టాను. నెలల తరువాత ఆ పిల్ల నోరు విప్పి ఒక్క మాట అడిగింది: "నాకు నయం కాకపోతే ఎట్లా అత్తా?" దానికి జవాబు ఇక్కడ రాయిస్తున్నాను. నయం కాకపోయినా ఇల్లు ఆమెదే. ఈ వాక్యం చట్టానికి అక్కరలేదని, నేను చెబుతుంటే రాస్తున్న రాయసగాడు సుబ్బరాయప్ప కొట్టేయబోయాడు. నేను కొట్టేయనివ్వలేదు.

తేదీ: 3 జూలై 1961

చేవ్రాలు,
మునివెంకటమ్మ

సాక్షులు:
గోవిందప్ప, కైవార
సీనప్ప, చింతామణి