అత్తగారి ఓటు

మామ్ఫే,
ఫిబ్రవరి 1961

అన్నయ్యకు ఒబియాగెలి నమస్కారాలు. మేమంతా క్షేమం, కంగారుపడవద్దు.

ఐక్యరాజ్యసమితి తరఫున ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏలిన ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఈ నేల నైజీరియాలో కలవాలా, కామెరూన్‌లోనా అని మొన్న ఓట్లు పెట్టారు. కామెరూన్ గెలిచింది. ఇక మన ఒనీచా నాకు పరాయి దేశమే.

ఇక్కడ పుట్టలేదని నాకు ఓటివ్వలేదు. మా ఆయన కామెరూన్‌కే వేశారు. రోజూ నాతో తగవుపడే అత్తగారు మాత్రం నైజీరియా పెట్టెలో వేసి వచ్చారు.

"అదేమిటత్తా?" అన్నాను.

"అలిగితే పోవడానికి నీకు పుట్టిల్లుండొద్దటే?" అన్నారు. నవ్వబోయి ఏడ్చాను.

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? సరిహద్దులో గేటు పడకముందే అమ్మను లారీలో తీసుకురా. వియ్యపురాళ్ళిద్దరూ ఇంతవరకు ఒకరినొకరు చూసుకోలేదు. వదినను అడిగానని చెప్పు, పిల్లలకు నా దీవెనలు.

నీ చెల్లెలు