ఇంటిది నేదు

వజ్రపుకొత్తూరు,
మంగళవారం

వరహాలుకి గున్నయ్య రాస్తన్నది. ఎవరి చేతా రాయించలేదు, నేనే రాస్తన్నాను. నువ్వు ఐదు చదివినదానివి, నాకు రెండో తరగతిలోనే బడి ఒదిలిపోయింది. తప్పులుంటే దిద్దుకో, మన పిల్ల స్వాతికి సూపించి నవ్వకు. ఇక్కడ ఇల్లు, ఆవు, తోట బాగున్నాయి. అండమాన్‌లో నువ్వు, బిడ్డ, అల్లుడు, మనవరాలు బాగున్నారని తలుస్తాను. నా సంగతి కింద రాస్తాను. వరసన సదువు, కిందకి దూకకు.

నీ ఉత్తరం అందింది. ఆవు ఈనింది, పెయ్య. జీడిపిక్కలు ఏరడం అయిపోయింది, ఈ ఏడు కాపు పల్చన. కూడు మీ తమ్ముడు అప్పలరాజు ఇంటి నుంచి వస్తంది. నీ మరదలు మంచిదే గానీ పులుసులో ఉప్పు మరిచిపోతాది. ఆ మాట నేను ఆమెతో అనలేదు, నువ్వూ అనకు.

ఇక పెద్ద మాట. నేను ఫోను ఎత్తడం లేదని, అప్పలరాజు చేత "బావ తోటకెళ్ళాడు" అనిపిస్తన్నానని, కోపం ఇంకా కడుపులో పెట్టుకున్నానని రాశావు. "నీ నోటితో రమ్మంటే వస్తాను, నేకపోతే పాప పుట్టెంటికలు తీసినదాకా ఇక్కడే" అనీ రాశావు. పలాస స్టేషన్లో "నువ్వు నేకపోతే నాకేటి లోటు" అని నేనన్నది నిజమే. ఆ కోపం నీ రైలు పూండి దాటకముందే పోయింది.

ఫోను ఎత్తకపోవడానికి కారణం వేరే. నాకు గొంతు పోయింది వరహాలూ. నోరు తెరిస్తే గాలి వస్తంది, మాట రాదు. భయపడకు, మొదట్నుంచి సెప్తాను.

మాఘం నుంచి దగ్గు. నువ్వడిగితే సుట్ట దగ్గులే అని కసిరాను. కళ్ళెలో నెత్తురు పడేది, అది నీకు సెప్పలేదు. మన ఉద్దానంలో కాళ్ళు వాచినోడిని సూసి కిడ్నీ జబ్బని భయపడతారు గానీ దగ్గినోడిని ఎవడు పట్టించుకుంటాడు. క్యాంపులో నెత్తురు పరీక్ష చేసి క్రియాటిన్ ఒకటీ పాయింటు ఒకటి అన్నారు గదా. ఆ కాగితం జేబులో పెట్టుకొని ఊరంతా సూపించాను. కిడ్నీలు బాగున్నోడికి ఇంక సావెక్కడిది అనుకున్నాను. నెత్తురు పడితే వేడి చేసిందని కొబ్బరి బొండాలు తాగాను.

నువ్వెళ్ళాక ఒకనాడు పళ్ళు తోముతుంటే గుప్పెడు పడింది. అప్పలరాజు సూసేశాడు. టెక్కలిలో ఫొటో తీసి ఎడమ ఊపిరితిత్తిలో గెడ్డ ఉంది, విశాఖపట్నం పొమ్మన్నారు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సరు.

"అక్కకి సెప్దాం బావా" అన్నాడు.

"సెప్పావంటే కాళ్ళిరగ్గొడతాను. పురిటి పిల్లని ఒగ్గేసి వచ్చేత్తాది."

"సెప్పకపోతే అక్క ఇరగ్గొడతాది. నాకున్నవి రెండే బావా."

నేనే గెలిచాను. ఊపిరితిత్తిలో పై భాగం కోసి తీసేశారు. మూడో రోజు గుండె దడదడా పరిగెట్టింది, మందిచ్చి ఆపారు. పక్కటెముకల మధ్య గొట్టం వేసి, దాని కొస నీళ్ళ సీసాలో పెట్టారు. లోపల గాలి కారినంతకాలం సీసాలో బుడగలొస్తాయట. నాలుగైదు రోజుల్లో ఆగాల్సినవి పదకొండు రోజులు వచ్చాయి. మంచం మీద కూచొని వాటినే సూసేవోణ్ణి. పన్నెండో రోజు ఆగాయి.

మూడు బంతుల డబ్బా ఒకటిచ్చి పీల్చమన్నారు. నేను ఊదాను. రాణి అని ఒక నర్సమ్మ, "ఊదకు తాతా, సుట్ట పీల్చినట్టు పీల్చు" అంది. ఆ మాట ముందే సెప్పొచ్చు గదా. రెండు బంతులు ఒక్కసారే లేచాయి. సుట్ట మట్టుకు మరి ముట్టలేదు, ముట్టను.

గొంతుకెళ్ళే నరం గుండె పక్కనుంచి తిరిగొస్తాదట. కోసేటప్పుడు అది నలిగింది. ఇలా కావచ్చని డాక్టరు ముందే సెప్పాడు, ఒప్పుకొని సంతకం పెట్టింది నేనే. నీళ్ళు గబుక్కున తాగితే పొలమారతాది, గెడ్డం కిందకి దించి గుక్కగుక్కగా తాగుతన్నాను. మంచి మాటేటంటే, గెడ్డ మొత్తం వచ్చేసింది. సుట్టూ ఉన్న లింఫు బిళ్ళలకి జబ్బు పాకలేదు. ఇంక మందులు ఎక్కించక్కర్లేదు, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటే సాలన్నారు. మొన్న ఆగకుండా తోట చివరిదాకా నడిచాను.

ఇంకొకటుంది. రెండుసార్లు రాసి కొట్టేశాను.

ఆసుపత్రిలో చేరిన రోజు రాణి కాగితం పట్టుకొని "మీ ఇంటావిడ, తాతా?" అంది. "నేదు" అన్నాను. ఊర్లో నేదు అని నా లెక్క. ఆ పిల్ల పెన్ను ఆపేసి, "అయ్యో, ఎన్నాళ్ళయింది?" అంది. "ఇరవై రోజులు" అన్నాను. దాని కళ్ళంట నీళ్ళు తిరిగాయి. అప్పుడు తెలిసింది నాకు. తెలిసీ దిద్దలేదు. దిద్దితే నీ నెంబరు అడుగుతారు, ఫోను సేత్తారు. అందుకని ఆ వార్డులో ఉన్నన్నాళ్ళూ నిన్ను సంపేశాను. తిట్టు, పడతాను.

రోజూ ఎవరో ఒకరు నీ గురించి అడిగేవారు. ఎలాంటి మనిషి, ఎలా ఉండేది అని. సెప్పాను. గొంతున్న నలభై ఏళ్ళూ నీతో అనని మాటలు, గొంతు పోయాక వాళ్ళకి గాలితో సెప్పాను. అవి ఇక్కడ రాయను.

వచ్చే నెల పద్దెనిమిదిన గొంతులోకి ఒక సూది వేస్తారు. దాంతో సానామందికి మాట నిలబడిందట. తోడు మనిషి ఉండాలన్నారు. "మా ఇంటిది వస్తాది" అన్నాను. రాణి నన్ను ఎగాదిగా సూసింది.

అప్పటికి పాపకి మూడో నెల, స్వాతికి వాళ్ళత్త ఉంటాది. నోటితో పిలవడం ఇప్పుడు నావల్ల కాదు, సేత్తో రాస్తన్నాను. రా. వచ్చి ఆ రాణి ముందు నిలబడు. నీ గురించి నేనేటన్నానో దాన్నే అడుగు.

ఇట్లు,
నీ పెనిమిటి,
గున్నయ్య