గుమ్మంలోనే ఉన్నానండి

రేపల్లె,
శనివారం.

నలభై ఆరుమంది ఆడపిల్లల నిద్రాహారాలకూ, ఒక్కగానొక్క కొడుకు మనశ్శాంతికీ సర్వాధికారిణి అయిన హాస్టల్ వార్డెన్ ఫ్లోరెన్స్ టీచరు గారికి, జాన్ బాబు వందనములతో వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మా అంబులెన్సు క్షేమం. అందులో ఎక్కినవాళ్ళలో చాలామంది క్షేమం. బాపట్లలో నువ్వూ, నీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను.

ఫోనులో నా అబద్ధాలు నున్నగా జారిపోతాయనీ, కాగితం మీదైతే నా అక్షరం వంకర పోతుందనీ, కాబట్టి ముఖ్యమైనవన్నీ ఉత్తరంలోనే రాయాలనీ నువ్వు పెట్టిన చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పోస్టాఫీసులో కవరు అడిగితే గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని మరీ నన్ను చూశాడు. నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలకు నంబర్లు వేసి అడిగావు. మొదటిదాన్ని చివరికి ఉంచుతున్నాను. తెలిసినవి ముందు రాసెయ్యమని పరీక్షలప్పుడు చెప్పింది నువ్వే.

రెండో ప్రశ్న, చర్చికి వెళ్తున్నావా అని. డ్యూటీ లేని ఆదివారాలు వెళ్తున్నాను. ప్రసంగం మధ్యలో కునుకు తీశానన్న వార్త నీకెవరు మోశారో తెలుసు. అది కునుకు కాదు, ధ్యానం. గురక మాత్రం నిజమే.

మూడోది, సంబంధమని నువ్వు పంపిన మనీషా ఫొటో సంగతి. అమ్మాయి బాగుంది. కానీ ఫొటోలోంచి ఆమె చూసే చూపు, పోలీసు స్టేషన్లో మా దేవిక దొంగల్ని చూసే చూపులా ఉంది. (దేవిక నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు కానిస్టేబులు.) ఈ ఉత్తరం చివరిదాకా చదివాక కూడా వాళ్ళకి సరేనని చెప్పాలనిపిస్తే చెప్పు.

నాలుగోది, ఈస్టరుకి వచ్చినప్పుడు ఫోను మోగితే ఎందుకలా ఉలిక్కిపడ్డావు అని. దీనికి జవాబు పొడుగు. చాయ్ పెట్టుకుని కూర్చో.

మా పని ఎలా నడుస్తుందో ముందు చెప్తాను. ఎవరో ఫోను చేస్తారు. అది ఎక్కడో కాల్ సెంటర్‌కి పోయి, అక్కడి నుంచి ఊరిపేరూ ఫోను నంబరూ మాకు వస్తాయి. బండిలో ఉన్న ఫోనుతో మేము ఆ నంబరుకి చేసి, "ఇల్లెక్కడండి, ఏ సందండి" అని అడుగుతూ వెళ్తాం. నేను వెనక రోగి దగ్గర, చిన్నయ్య బాబాయ్ ముందు స్టీరింగు దగ్గర. వచ్చేవాళ్ళలో నిజం రోగులుంటారు, ఉచిత ప్రయాణికులూ ఉంటారు. ఒకావిడ కడుపునొప్పని మెలికలు తిరుగుతూ ఎక్కి, తెనాలి మార్కెట్ రాగానే లేచి కూర్చుని, "ఇక్కడ దించెయ్ బాబూ, తగ్గిపోయింది" అంది. చంకలో మడతపెట్టిన సంచీ.

అలాంటి రోజుల్లో, మార్చి నెలాఖరు గురువారం, మధ్యాహ్నం ఒకటీ నలభైకి, కాల్ సెంటర్‌తో పని లేకుండా నేరుగా బండి ఫోనే మోగింది. ముసలావిడ గొంతు. "గుమ్మంలోనే ఉన్నానండి. వేమూరు దాటాక గట్టు మీద పచ్చ తలుపుల ఇల్లు. మీరు రండి." అంతే, పెట్టేసింది. ఏడుపు లేదు, తొందర లేదు. పెరుగు తోడుపెట్టానని పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పింది. ఆ గొంతు వెనక కాకి అరుపు కూడా లేదు.

వెళ్ళాం. వేమూరు దాటాక కాలవ గట్టు మీద చిన్న పల్లె. వంతెన దాటితే బండి పట్టదు, బాబాయ్ అక్కడే ఆపాడు. నేను సంచీ భుజానేసుకుని గట్టెంట నడిచాను. పచ్చ తలుపులకి తాళం. తాళం ముందు, గుమ్మానికి అడ్డంగా, వంతెన వైపు తిరిగి ఒక ప్లాస్టిక్ కుర్చీ. దానిమీద దుమ్ము.

పక్కింట్లో ఒకావిడ చేటలో మినుములు చెరుగుతోంది. "ఎవరికోసం బాబూ? ఆ పెద్దాయన పోయి ఇరవై రోజులు దాటింది. పెద్దకర్మ కాగానే అంకాలమ్మత్తని కూతురు తీసకపోయింది."

"మరి ఇప్పుడు ఫోన్ చేసిందెవరండి?"

"ఈ ఇంట్లోంచా?" అని చేట ఆపింది. మళ్ళీ చెరగలేదు.

నేను కుర్చీ పక్కన నిలబడి వెనక్కి చూశాను. చెట్టూ పుట్టా లేని తిన్నటి గట్టు. వంతెన మీద మా బండి, దాని పక్కన బాబాయ్ చెవిలో పుల్ల తిప్పుకోవడం కూడా స్పష్టంగా కనిపించింది. అప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వుని గుర్తు పెట్టుకో.

తర్వాతి గురువారం, ఒకటీ నలభై. అదే గొంతు, అవే మాటలు. ఆ తర్వాతి గురువారం బండిలో నొప్పులు పడుతున్న అమ్మాయి ఉంది. ఫోను మోగుతుంటే వాళ్ళమ్మ, "ఎత్తవేంటయ్యా, పాపం ఎవరికేం ఆపదో" అంది. నేను ఎత్తలేదు. బాబాయ్ మర్నాడు బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. నేను లూథరన్ని, ఆ నిమ్మకాయని వ్యతిరేకించాల్సినవాణ్ణి. వ్యతిరేకించలేదు.

చివరికి స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను. "అత్యవసర సేవలకు ఆటంకము కలిగించుచున్న గుర్తు తెలియని దుష్టశక్తి" అని రాస్తే, దేవిక శక్తిని కొట్టేసి వ్యక్తి అని దిద్దింది.

"దెయ్యం మీద ఏ సెక్షన్ పెట్టమంటావురా జానూ?"

"నీకు తోచింది పెట్టు. ముందు పట్టుకో."

నాలుగు రోజులకి పిలిచింది. ఈసారి నవ్వట్లేదు. "సిమ్ము ఆ చనిపోయినాయన పేరు మీదే ఉందిరా. కాల్స్ మాత్రం ఆ పల్లె నుంచి రావట్లా. రేపల్లె టవరు. మీ పేటదే."

అమ్మా, ఆ రాత్రి గది తలుపుకి గొళ్ళెం పెట్టి, పెట్టానో లేదో మళ్ళీ లేచి చూశాను. ఎదురుగా కుర్చీ ఉంటే గోడవైపు తిప్పాను.

మొన్న గురువారం రేపల్లె ఆసుపత్రిలో ఒక కేసు దించాక, దేవిక ఇల్లు కనుక్కున్నానని నన్ను వెంటబెట్టుకుని మా వెనక వీధికి నడిచింది. నేను రోజూ డ్యూటీకి రైలెక్కడానికి వెళ్ళే దారే అది. ఒకటీ నలభై అయింది. నా చేతిలో బండి ఫోను మోగింది. ఎత్తాను. పది ఇళ్ళ అవతల, ఒక గుమ్మంలో స్టూలు మీద ముసలావిడ, చెవి దగ్గర చిన్న బటన్ల ఫోను. ఆవిడ పెదవులు అక్కడ కదులుతున్నాయి, మాట ఇక్కడ నా చెవిలో పడుతోంది. "గుమ్మంలోనే ఉన్నానండి."

నిజంగానే ఉంది, కూతురి ఇంటి గుమ్మంలో.

దేవిక దగ్గరికెళ్ళి మెల్లగా అడిగింది. "ఎందుకమ్మా ఇట్లా ఫోన్ చేస్తన్నావు? పోయినాయన వస్తాడా?"

"రాడని తెలవదా తల్లీ, నాకేం మతి పోలేదు. పచ్చ బటన్ రెండుసార్లు నొక్కితే వీళ్ళకే పోద్ది. వస్తన్నామన్నారు. ఇంకా రాలేదుగా." తర్వాత నావైపు తిరిగింది. కోపం లేదమ్మా, అందుకే నాకు భయం వేసింది. "నీలం డబ్బా అబ్బాయివి నువ్వేగా. రోజూ ఈ దారినే పోతావు."

దేవికకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నీకూ అర్థమవ్వాలంటే, నేను వదిలేసిన ఒక గురువారం గురించి చెప్పాలి.

అది మార్చి మొదట్లో. ఆ ఇంటి నుంచి మొదటిసారి ఫోను వచ్చింది, కాల్ సెంటర్ ద్వారా, పద్ధతిగా. గుండెనొప్పి అని రాసుంది. నేను ఒకటీ నలభైకి ఆవిడతో మాట్లాడి, వస్తున్నామన్నాను. గొంతులో కంగారు లేదు. ఆ వారంలో మూడు ఉత్తుత్తి కేసులు తగిలాయి. ఇదీ మార్కెట్ బేరమే అనుకున్నాను. వంతెన దగ్గర బాబాయ్, "పోయి చూసొద్దాంరా" అన్నాడు. "తిన్నాక చూద్దాంలే బాబాయ్, ఎక్కడికీ పోరు" అన్నది నేను. అన్నది నేనే అని మళ్ళీ రాస్తున్నాను, అక్షరం వంకర పోయిందేమో చూసుకో. నువ్వు పంపిన నీలం డబ్బా విప్పి, వంతెన పిట్టగోడ మీద కూర్చుని, గోంగూర పచ్చడితో తీరిగ్గా తిన్నాను. ఇరవై నిమిషాలు. చెయ్యి కడుక్కుని చేశామని లెక్క చూపడానికి ఆ నంబరుకి ఒక్క రింగు ఇచ్చి, ఎత్తేలోపే కట్ చేసి, "వెళ్ళాం, రోగి లేడు" అని కాగితం మీద రాశాను. సంతకం కూడా అందంగా పెట్టాను.

ఆ రింగు వల్లే ఆవిడ ఫోనులో మా బండి నంబరు చివరి నంబరుగా నిలిచిపోయింది.

"పల్లెంతా మినుము పీకను పోయారు బాబూ," అంది అంకాలమ్మ. "ఆయన తల నా ఒళ్ళో ఉంది. గుమ్మంలోంచి మీ బండి కనపడతానే ఉంది. నువ్వు తినడం కనపడతానే ఉంది."

"కేకెయ్యాల్సిందమ్మా," అంది దేవిక.

"అన్నం ముందు కూర్చున్నోణ్ణి లేపకూడదు కదా తల్లీ. ఆయనకీ అదే చెప్పా. కాస్త ఓర్చుకో, పిల్లోడు తింటన్నాడు, తినంగానే వస్తాడు అని."

నేను ఏం జోకు వేశానో అడుగు. ఏమీ వెయ్యలేదు. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "వచ్చానమ్మా, ఆలస్యం చేసింది నేనే" అన్నాను. ఆవిడ ఫోనుని కొంగులో చుట్టుకుని, "సరే, వచ్చావుగా" అని లోపలికి వెళ్ళింది. ఆసుపత్రిలో డాక్టరు గారిని అడిగాను, ఇరవై నిమిషాలు ముందెళ్తే బతికేవాడా అని. ఇరవై నిమిషాలంటే చాలా ఎక్కువ అన్నాడు.

ఇప్పుడు నా ఫిర్యాదు దేవిక బల్ల మీద ఉంది. దాన్ని ముయ్యాలంటే కారణం రాయాలి. "మతిస్థిమితం లేని వృద్ధురాలు అని రాస్తే అయిపోద్ది. నువ్వు చెప్పు, ఏం రాయను?" అంది. సోమవారం దాకా ఆగమన్నాను. నిన్న కూర్చుని, ఆ రోజు జరిగింది జరిగినట్టు, బాబాయ్ వెళ్దామన్న మాటతో సహా రాశాను. ఒక కాగితం స్టేషన్‌కి, ఒకటి మా ఆఫీసుకి. ఉద్యోగం ఉంటుందనుకోను. నువ్వు వద్దంటావేమోనని ఫోను చెయ్యలేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇచ్చేసి ఉంటాను.

నీలం డబ్బాని వేరే పార్సిల్లో పంపుతున్నాను. శుభ్రంగానే కడిగాను. నేను అడిగేదాకా ఇవ్వకు.

ఇక మొదటి ప్రశ్న. వేళకి అన్నం తింటున్నావా అని అడిగావు.

తిన్నానమ్మా. ఆ రోజు వేళకే తిన్నాను.

ఇట్లు,
నీ కొడుకు,
జాన్ బాబు