నీళ్ళు కారే గోడకు కావలసిన సామాన్లు

తమ్ముడికి, అక్క దీవించి రాసేది.

మన కుట్టుకొట్టు గోడ కారుతోందిరా. కొట్టు నేలకింది గదిలో ఉంది కదా, వానపడ్డ మర్నాడల్లా మూలనున్న పగుల్లోంచి సన్నగా ధార. మొన్న బట్టలమూట తడిసి రంగులన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒక పెద్దాయన తెల్లబట్ట చొక్కా కుట్టమని ఇచ్చి గులాబీచొక్కా పట్టుకెళ్ళాడు. మీ బావ పోయి నాలుగు నెలలు. ఆయన కత్తిరింపులకు అలవాటుపడ్డవాళ్ళు ఇంకా నన్ను నమ్మి వస్తున్నారు, వాళ్ళనూ పోగొట్టుకుంటే నాకింకేముంది? గోడ కట్టింది నువ్వే, వచ్చి బాగుచెయ్యి.

మీ అక్క

తా.క. గులాబీరంగు ఆయనకు బాగానే నప్పింది. ఆయన మొహం చూసి ఆ ముక్క అనలేదు.

* * *

అక్కయ్యకు నమస్కారాలు.

కాంక్రీటు పగుళ్ళు మామూలే, గాభరాపడకు. నేనొచ్చేలోగా సామాన్లు సిద్ధంగా ఉంచు. సుత్తి, ఉలి, ఇనపతీగల బ్రష్, రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు, బకెట్, చిన్న తాపీ, తడిలోనే గట్టిపడే సిమెంటు ఒక డబ్బా. ముందు ఆ పగులును ఉలితో వేలెడు వెడల్పు చెక్కాలి. అన్నీ దొరికాక రాయి.

నీ తమ్ముడు

తా.క. సిమెంటు కొట్టాయన ఏదడిగినా పెయింటు అంటగడతాడు. లొంగకు.

* * *

తమ్ముడికి అక్క దీవెనలు.

అన్నీ తెచ్చాను. ఉలి వడ్రంగినడిగి తెచ్చాను. కాంక్రీటుకని చెబితే ఏడుపు మొహం పెట్టాడు. కళ్ళద్దాలకోసం కళ్ళ డాక్టరు దగ్గర పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా కూచున్నాను. పెట్టుకుని గోడ చూద్దును కదా, ఒక పగులనుకున్నది మూడు! ఇక పగులును వెడల్పు చెయ్యడమేమిట్రా? చిరిగిందని బట్టతెస్తే ఇంకా చింపి ఇస్తానా నేను? సాయం అడిగానా, పగ తీర్చుకోమన్నానా?

మీ అక్క

తా.క. పెయింటు ఒకటే డబ్బా కొన్నాను. ఆయన రెండన్నాడు.

* * *

అక్కయ్యకు నమస్కారాలు.

నేనడిగింది రాతిపొడి కంట్లో పడకుండా పెట్టుకునే అద్దాలు. వడ్రంగి ఉలి వెంటనే తిరిగిచ్చెయ్యి, రాయికొట్టే ఉలి వేరే ఉంటుంది. పీలికలు వేలాడే అంచుకు నువ్వు అతుకు వేస్తావా? కత్తిరించి శుభ్రం చేశాకే కదా. ఇదీ అంతే. ఇంకా ఒక చిన్న నీళ్ళమగ్గు, పాతగుడ్డలు, దీపం కావాలి. తొందరేం లేదు, పదిరోజులు పట్టినా పర్వాలేదు. సిమెంటు మాత్రం సిద్ధంగా ఉంచుకో.

నీ తమ్ముడు

తా.క. మూడు పగుళ్ళు మొదట్నుంచీ ఉన్నాయేమో. అద్దాలు మంచివే అయుంటాయి.

* * *

తమ్ముడికి,

సిమెంటు సిద్ధం చెయ్యమన్నావని, నువ్వొచ్చేసరికి కష్టపడకూడదని, డబ్బా మొత్తం కలిపేశాను. పక్కింటావిడ పలకరిస్తే రెండు మాటలాడి తిరిగొచ్చేసరికి రాయి! తాపీ అందులోనే నిలబడింది. ఆ బకెట్టు ఇప్పుడు తలుపుకు అడ్డం పెడుతున్నాను.

ఇంకో డబ్బా కొన్నాను, మగ్గు కొన్నాను, దీపం కొన్నాను. నువ్వు మాత్రం రావు. ఉత్తరానికో కొత్త వస్తువు అడుగుతావు. మీ బావ పోయినరోజున కూడా మరదలొక్కతే వచ్చింది. నువ్వు పనిమీద దూరం వెళ్ళావంది. నేను నమ్మలేదు. గోడ వంకరగా కట్టావని ఆయనన్న మాట ఇంకా మనసులో పెట్టుకున్నావు. చచ్చిపోయిన మనిషి మీద కూడా కోపమేనట్రా? ఆరోజు నీకోసం వీధిచివరిదాకా రెండుసార్లు వెళ్ళి చూశాను.

అక్క

తా.క. ఇకనుంచి ఏమీ కొనను. వస్తే రా.

* * *

అక్కయ్యకు,

నీ ఉత్తరం నీ మరదలు పైకి చదువుతూ మధ్యలో ఆపేసింది. మిగిలింది నేను తీసుకుని చదువుకున్నాను.

బావ పోవడానికి మూడురోజుల ముందు నీళ్ళట్యాంకు కడుతూ పడ్డానక్కా. నడుము విరిగింది. బావ కబురు ఆసుపత్రి మంచంమీద విన్నాను. నీకు ఒక్క ఏడుపు చాలని, ఆ అబద్ధం నేనే చెప్పమన్నాను. అయిదారు నెలల్లో నడుస్తావన్నాడు డాక్టరు. అందుకే మగ్గనీ దీపమనీ రాశాను. నువ్వవి వెతికేలోగా లేచి నిలబడతాననుకున్నాను. మొన్న ఆ డాక్టరే మంచంమీద నా పక్కన కూచుని, ఇక నడవలేవని చెప్పాడు.

కోపం లేదు. గోడ వంకరే. బావ బతికుండగా ఒప్పుకోలేదు, అదొక్కటే బాధ.

కాబట్టి నువ్వే చెయ్యాలి. వానలేని రోజు చూసుకో. పగులును చెక్కి, బ్రష్‌తో రుద్ది, కడుగు. సిమెంటు పిడికెడే కలుపు, ఎవరు పలకరించినా పలక్కు. ముద్దచేసి పైనుంచి కిందికి కూరుకుంటూ రా, నీళ్ళు గట్టిగా వచ్చేచోటు చివరికి వదులు. అక్కడ ముద్దపెట్టి అరచేత్తో అదిమిపట్టు. కాసేపటికి చేతికింద వెచ్చగా తగులుతుంది. భయపడకు, అది గట్టిపడే వేడి. నీళ్ళు ఆగేదాకా చెయ్యి తియ్యకు.

నీ తమ్ముడు

తా.క. ఆగకపోతే తిట్టడానికైనా రా అక్కా. ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటాను.