బోర్డు మీద రాసిన పిలుపు

1982 ఆగస్టు 17, మంగళవారం
హన్మకొండ

నా సైకిల్ దుకాణం ముందున్న నల్లబోర్డును ఈ రోజు కూడా జనం మూగి చదివారు. ఎందుకు చదవరు? రోజూ సుద్దముక్కతో ఎవడో ఒకడి పరువు తీసి అక్కడ పెడతాను. తన మీద రాస్తే గొణుగుతాడు గానీ, మరునాడు అందరికంటే ముందు వచ్చేది వాడే.

పోయిన నెల "కొమురయ్య ఇంట్లో దావత్, అందరూ రావాలి" అని రాశాను. ముప్పై మంది పోయారు. పాపం, కొమురయ్య అప్పుడు గంజి తాగుతున్నాడట.

ఈ రోజు మాత్రం నిజం రాశాను. "నా భార్య రాజవ్వ పోయి నేటికి ఏడాది. సాయంత్రం మా ఇంట్లో భోజనం. అందరూ రండి." నోటితో పిలుద్దామని రెండిళ్ళ గడపల దాకా పోయి, పిలవకుండానే తిరిగొచ్చాను. అందుకే బోర్డును నమ్ముకున్నాను.

కొమురయ్య చదివి పడిపడి నవ్వాడు.

"అన్నా, సచ్చిపోయిన వదినె మీద గూడ పరాష్కాలేనా? ఈసారి మేం పడం పో!"

"నిజంరా తమ్మీ" అన్నాను.

"నువ్వెప్పుడు గట్లనే అంటవ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలవాటు.

ఆమెకిష్టమని పుంటికూర పప్పు వండి, ఇరవై విస్తళ్ళు వేశాను. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడ్డాను. చివరికి పద్దెనిమిది విస్తళ్ళు తీసి మళ్ళీ దొంతర పెట్టాను. ఒకటి ఆమెకు, ఒకటి నాకు.

రేపు పొద్దున మళ్ళీ బోర్డు ముందు చేరతారు. ఈసారి ఒక్కడూ మోసపోలేదని తెగ మురిసిపోతారు. వాళ్ళకు ఏం రాయాలి? పప్పు బాగా కుదిరిందని రాస్తే నమ్ముతారా?