తాళం వేయించినవాడే తాళం తీయించమని చేసుకున్న మనవి

సీయోనుపేట, గుంటూరు.

తహశీల్దారు వారి సముఖమునకు,

సీయోనుపేట మిషన్ చర్చి కార్యదర్శి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కె. ఇమ్మానియేలు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలోని జీవజల ప్రార్థన మందిరంపై గత ఫిబ్రవరిలో నేను ఇచ్చిన ఫిర్యాదు అబద్ధమని ఒప్పుకొనుచు, దానిని రద్దుపరచి, మందిరం తాళం తీయించవలసినదిగా కోరుట గురించి.

1. సదరు ఫిర్యాదులో నేను "మంచము పట్టిన నా భార్య మహిమమ్మ, సదరు మందిరపు మైకు ధ్వని వలన నిద్రాహారములు లేక కృశించుచున్నది" అని వ్రాశాను. తమరు నమ్మారు. ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ని, వాక్యం బాగానే కుదిరింది. విచారణకు వచ్చిన తమ సిబ్బందికి గుమ్మంలోనే అదే మాట చెప్పి, లోపల రోగి నిద్రపోతోందని పంపేశాను. ఆమె మేల్కొనే ఉంది.

2. నిజమేమనగా, ఆ మైకు వల్ల నా భార్యకు ఏ బాధా లేదు. పెళ్లికి ముందు నుంచీ ఆమె మా చర్చిలో పాటలు పాడేది. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చాక చర్చికి రాలేకపోయింది. మా సంఘంవాళ్లు క్రిస్మస్‌కు కేకు పంపేవారు, అంతే. ఎదురుగా మందిరంలో పాట మొదలైతే మాత్రం "ఆ కిటికీ తెరవండి" అనేది. వంకరపోయిన నోటితోనే పాట అందుకునేది. నేను వెళ్లి కిటికీ మూసేవాణ్ని.

3. ఎందుకు మూసేవాడినో కూడా వ్రాయవలసి ఉన్నది. మాది నూరేళ్ల రాతి చర్చి. వాళ్లది రేకుల ఇల్లు. వాళ్ల పాస్టరు కరుణాకర్ ఒకప్పుడు మిర్చి యార్డులో బస్తాలు మోసినవాడు. నా బడిలోనే చదివి ఏడో తరగతి తప్పాడు. ఆదివారం మా బల్లల మీద పదకొండుమంది ఉంటే, వాళ్ల గుమ్మం ముందు చెప్పులు వీధి మలుపు దాకా ఉండేవి. ఆ చెప్పులు చూడలేకపోయాను. వాళ్ల బోధ సరైనది కాదని అందరితో అన్నాను, నేనూ అలాగే అనుకున్నాను. అది అసూయ. ఈ వయసులో ఆ మాట వ్రాయడానికి చెయ్యి రావడం లేదు.

4. ఏప్రిల్‌లో తాళం పడింది. మర్నాడు పొద్దున్నే కరుణాకర్ భార్య రెబ్కా మా ఇంటికి వచ్చింది. ఆమె యార్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతుంది. గొడవకు వచ్చిందనుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"గొడవకి రాలేదు మాస్టారూ. అమ్మగారిని ఒక్కసారి చూసి పోతానండి" అంది.

లోపలికి వెళ్లి మహిమమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

"మా మైకు వల్ల మీకు నిద్ర పట్టట్లేదంట కదమ్మా. ఒక్క మాట చెబితే మేమే తగ్గించేవాళ్లం. తెలీక చేశాం, క్షమించండమ్మా."

"ఎవరన్నారు?" అంది నా భార్య.

రెబ్కా నా వంక చూసింది గాని చెప్పలేదు. చెప్పి ఉంటే కొంత తేలికయ్యేది. చివరికి నేనే చెప్పాను.

"నా పేరు పెట్టి రాశారా?"

"అవును."

"నా మంచాన్ని అడ్డం పెట్టుకున్నారా?"

అదే ఆఖరు. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. నేను చెంచాతో జావ పట్టబోతే నోరు తెరవదు. రెబ్కా పనికి పోయే ముందు వచ్చి తాగించి పోతోంది. ఆ కాసేపూ నా వరండాలో నేనే పరాయివాడిలా నిలబడుతున్నాను.

5. సదరు మందిరంవారు ఇప్పుడు యార్డు వెనుక ఖాళీ షెడ్డులో, మైకు లేకుండా, ఈ ఎండల్లో ఆరాధన జరుపుకొంటున్నారు. పోయిన వారం ఒక ముసలావిడ సొమ్మసిల్లి పడిపోయింది. నా మీద వాళ్లు ఎక్కడా అర్జీ పెట్టలేదు.

6. ఫిర్యాదు వాపసు తీసుకోవడానికి నేను తమ కార్యాలయానికి రాగా, "బాధపడింది ఆవిడని రాశారు కదండీ, ఆవిడ వేలిముద్ర కూడా కావాలి" అని గుమాస్తాగారు సెలవిచ్చారు. అది న్యాయమే.

కావున తమరు నా ఫిర్యాదును కొట్టివేసి, తాళం తీయించి, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నాపై తగు చర్య తీసుకొనవలెను. కార్యదర్శి పదవికి రాజీనామా చేస్తూ సంఘానికి ఉత్తరం ఇచ్చాను. ఈ మనవిని ముసలివాడి చాదస్తమని పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడనని వ్రాసుకొనుటకు సిగ్గుపడుచు,
కె. ఇమ్మానియేలు

తా.క.: వేలిముద్ర కోసం పై అర్జీ మొత్తం మహిమమ్మకు చదివి వినిపించాను. ఇరవై రెండు రోజుల తర్వాత నోరు తెరిచింది. "ఆఫీసరుకి తరవాత. ముందు వాళ్లకి చదివి రండి. అప్పుడేస్తా" అంది.

నిన్న ఆదివారం షెడ్డుకు వెళ్లాను. అడగ్గానే కరుణాకర్ పక్కకు తప్పుకుని చోటిచ్చాడు. మైకు లేదు కనుక గొంతెత్తి చదవవలసి వచ్చింది. "ఏడో తరగతి తప్పాడు" అన్న ముక్క అతని ముందే చదివాను. మూడో అంశం పూర్తి చేసేలోగా రెండుసార్లు ఆగాను. కాగితం మడిచి వెళ్లబోతుంటే కరుణాకర్ అన్నాడు:

"ఎక్కడికి మాస్టారూ? ఇంకా వాక్యం చెప్పలేదు. కూర్చోండి."

కుర్చీలు లేవు. రెబ్కా కింద పరిచిన పట్టా మీద కాస్త జరిగింది. కూర్చున్నాను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మహిమమ్మ చెయ్యి చాపింది. వేలిముద్ర ఈ కింద ఉన్నది. ఆడవారికి కుడి బొటనవేలు వేయించడం రివాజని విన్నాను. ఆమెకు ఆ చెయ్యి లేవదు. ఎడమది చెల్లునట్లు తమరు దయచేయవలెను.